ప్రైవేట్ నంబర్ లేని ఫార్వర్డ్: ఒక రిటైర్డ్ స్టేషన్ మాస్టారి కేసు

ముందుగా ఒక మాట. ఈ కేసులో ఆయన పేరు, ఉండే వీధి, పని చేసిన స్టేషన్లు ఏవీ రాయట్లేదు, ఇంటి వివరాలు కొన్ని మార్చా కూడా. ఉద్యోగం మాత్రం మార్చలేదు, అది తీసేస్తే ఇందులో కేసే మిగలదు, పైగా బెజవాడలో ఏ కాలనీకి వెళ్ళినా రిటైరైన రైల్వే వాళ్ళు నలుగురు తగులుతారు కాబట్టి గుర్తుపడతారనే భయం లేదు. రాయడానికి ఆయనా, ఆయన కూతురూ ఒప్పుకున్నారు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే, "నన్ను మరీ అమాయకుడిలాగా రాయొద్దమ్మా" అని. రాయను. ఇందులో ఎక్కువ తప్పులు చేసింది నేనే.

నేను ఒక కాలేజీలో లైబ్రేరియన్ని. ఐదారేళ్ళుగా ఆదివారం పొద్దున పూట పెద్దవాళ్ళని కూర్చోబెట్టి ఫోన్ ఎట్టా వాడాలి, ఫోన్లో వచ్చినదాంట్లో ఏది నమ్మొచ్చు ఏది నమ్మకూడదు అని నేర్పిస్తుంటా. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన ఊరు కదా, లైబ్రేరియన్ అంటే ఇప్పటికీ కాస్త మర్యాద ఉంది, కాకపోతే పుస్తకం కావాలని వచ్చేవాళ్ళ కంటే "మేడమ్ ఈ మెసేజ్ నిజమేనా" అని వచ్చేవాళ్ళు ఎక్కువ.

అసలు ఏం జరిగింది

మాస్టారికి 66 ఏళ్ళు. ఆయనా, ఆవిడా సింగ్ నగర్ వైపు సొంతింట్లో ఉంటారు, కింద వాళ్ళు, పైన అద్దెకున్న వాళ్ళు. 2024 వరద గురించి ఇక్కడి వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ బయటి వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆగస్టు 31న వాన దంచికొట్టింది, సెప్టెంబర్ 1 తెల్లారేసరికి బుడమేరు వాగు ఇళ్ళల్లోకి వచ్చేసింది, దాని నీళ్ళు మళ్ళించే డైవర్షన్ కాలవ గట్టుకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి, ఇటు కృష్ణ కూడా నిండుగా ఉంది, ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిన రోజులవి. చివరి గండి సెప్టెంబర్ 7న గానీ పూడలేదు.

మొదటి మూడు రోజులూ వీళ్ళిద్దరూ పై వాటాలో ఉన్నారు. కరెంటు లేదు, పైన అద్దెకున్న కుర్రాడి పవర్ బ్యాంక్ మీద ఒక్క ఫోన్ బతికింది. ఆ ఫోన్లోనే కాలనీ గ్రూపులో మెసేజ్ వచ్చింది, ఫలానా సందు చివరికి పాల ప్యాకెట్ల పడవ వచ్చింది అని. ఎవరు పంపారో తెలీదు, ఫార్వర్డే. కుర్రాడు నడుం లోతు నీళ్ళల్లో వెళ్ళాడు, పడవ ఉంది, పాలు తెచ్చాడు. ఇంకోసారి డ్రోన్‌తో ఎక్కడ ఆహారం వేస్తున్నారో కూడా అట్టాగే తెలిసింది. అంటే ఆ మూడు రోజులూ ఎవరో తెలియని వాళ్ళ ఫార్వర్డులే ఈ ఇంటికి అన్నం పెట్టాయి. ఇది నేను మొదట్లో అడగలేదు, అడగాల్సింది. "పెద్దవాళ్ళు గుడ్డిగా నమ్మేస్తారు" అనే మాట నోట్లో రెడీగా పెట్టుకుని వెళ్ళా, ఆయన నమ్మకం గుడ్డిది కాదు, చూసి పెట్టుకున్న నమ్మకం.

నీళ్ళు తీశాక, ఇంట్లో ఇంకా బురద ఎత్తి పోస్తున్న రోజుల్లో, ఒక సాయంత్రం వాయిస్ మెసేజ్ వచ్చింది. నేనూ విన్నా. ఒక మగ గొంతు, పరిగెత్తుతూ మాట్లాడుతున్నట్టు ఆయాసం. "అన్నా, బుడమేరుకి మళ్ళీ గండి పడిందన్నా, ఇప్పుడే ఆఫీసర్లు చెప్పారు, గంటలో సింగ్ నగర్ మొత్తం మునిగిపోద్ది, మీవాళ్ళందరికీ పంపించండన్నా." మాస్టారు పదకొండు గ్రూపులకి పంపారు.

పదకొండు అనేది ఊరికే చెప్పట్లేదు. చాలా చేతులు మారి వచ్చిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది వాట్సాప్, 2020 ఏప్రిల్ నుంచీ ఉన్న రూల్ ఇది. జనం విసుగొచ్చి ఆగుతారని పెట్టింది. మాస్టారు ఆగలేదు, పదకొండు సార్లు పంపారు, మధ్యలో "ఫోన్ స్లో అయింది, నీళ్ళు తగిలాయేమో" అనుకున్నారట. ఇంకా ముఖ్యమైంది, మెసేజ్ మీద రెండు బాణాలు, "ఫార్వర్డెడ్ మెనీ టైమ్స్" అని ఉంది కదా, అది చూసి మీకేమనిపించింది అని తర్వాత అడిగితే "ఇంతమంది పంపారంటే నిజమే అయ్యుంటదిగా" అన్నారు. హెచ్చరిక అని పెట్టిన గుర్తు ఆయన కంటికి వెయ్యి మంది సంతకంలా కనపడింది. నా క్లాసుల్లో అప్పటిదాకా "రెండు బాణాలు చూస్తే ఆగండి" అని చెప్పేసి ముందుకి వెళ్ళిపోయేదాన్ని, వాళ్ళు దాన్ని ఎట్టా చదువుతున్నారో ఒక్కసారీ అడగలేదు.

మిగతా గ్రూపుల సంగతి ఎట్టా ఉన్నా కాలనీ గ్రూపులో మాత్రం ఆ మెసేజ్ మాస్టారి పేరు మీద వెళ్ళింది. ఆయన ఊరికే ఏదీ పంపరని పేరుంది. అందుకే జనం కదిలారు. చీకట్లో సామాన్లతో మెట్లు దిగుతూ పక్కింటావిడ జారి పడ్డారు, మణికట్టు విరిగింది. గండి పడలేదు, ఏమీ లేదు. రాత్రి పదింటికి గ్రూపులో తిట్లు మొదలైతే మాస్టారు అన్ని చోట్లా మెసేజ్ డిలీట్ చేసేశారు, కాలనీ గ్రూపులోంచి కూడా బయటికి వచ్చేశారు. డిలీట్ చేసినంత మాత్రాన అప్పటికే వేరే వాళ్ళు పంపేసినవి పోవు కదా, ఆ వాయిస్ మర్నాడు కూడా తిరిగింది.

నా దగ్గరికి వచ్చేసరికి

అక్టోబర్‌లో కూతురు ఫోన్ చేసింది, "నాన్నకి ఫోన్ సరిగ్గా వాడటం నేర్పండి మేడమ్". అప్పటికే ఇంట్లో రెండు వైద్యాలు అయ్యాయి. ఒకటి అల్లుడిది, విపత్తు నిర్వహణ చట్టం 2005లో 54వ సెక్షన్ చదివి వినిపించాడు, అబద్ధపు హెచ్చరిక ప్రచారం చేస్తే ఏడాది దాకా జైలు అని. సెక్షన్ నిజమే. కానీ మాస్టారు కావాలని చెయ్యలేదు, నిజమనుకుని పంపారు. ఆ సంగతి చూడకుండా భయపెట్టేసరికి ఆయన రెండు వారాలు గేటు చప్పుడైతే ఉలిక్కిపడ్డారట. రెండోది కొడుకు వైద్యం, ఫోన్లోంచి వాట్సాప్ తీసేశాడు. నాలుగు రోజులకి మనవరాలి ఫోటోలు రావట్లేదని మాస్టారి ఆవిడే మళ్ళీ ఎవరి చేతో వేయించుకుంది.

మొదటిసారి వచ్చినప్పుడు ఆయన ముప్పావుగంటలో పది మాటలు కూడా మాట్లాడలేదు. ఫోన్ని బోర్లా పెట్టి దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. కూతురు చెప్పిన సమస్య "నాన్న ఏదొస్తే అది పంపేస్తారు". నాకు కనపడింది ఇంకోటి, ఈయనకి సిగ్గుగా ఉంది. రెండూ చూశా, మొదటిదే పట్టుకున్నా, ఎందుకంటే దానికి నా దగ్గర పాఠం ఉంది. రెండోదానికి లేదు. ఈ కేసులో నా మొదటి తప్పుడు నిర్ణయం అదే.

మొదటి ప్రయత్నం: టూల్స్

మూడు వారాలు నాకు అలవాటైన సిలబస్సే చెప్పా. గూగుల్ లెన్స్‌తో ఫోటో పాతదా కొత్తదా చూడటం, పుకార్లు నిజమో కాదో తేల్చే ఫ్యాక్ట్‌లీ, పీఐబీ ఫ్యాక్ట్ చెక్ లాంటి చోట్ల వెతకడం, ఒక వెబ్‌సైట్ గురించి ఆ సైట్లోనే కాకుండా బయట వేరే వాళ్ళు ఏమంటున్నారో ఇంకో ట్యాబ్ తెరిచి చూడటం. ఆయన మంచి స్టూడెంట్. నోట్స్ రాసుకున్నారు, లెన్స్‌తో రెండు పాత వరద ఫోటోలు ఏ సంవత్సరానివో పట్టుకున్నారు, నేను సంబరపడ్డా.

నాలుగో వారం ఆయనే అడిగారు, గొంతు తగ్గించి. "అమ్మా, ఆ రోజు వాయిస్ వచ్చిందే, దాన్ని ఈ లెన్స్‌తో ఎట్టా చూడాలి?"

చూడలేం. తెలుగు వాయిస్ మెసేజ్, మన పేట సంగతి, గంట టైము. దేశంలో ఏ ఫ్యాక్ట్ చెక్ వాళ్ళూ గంటలో సింగ్ నగర్ బుడమేరు గురించి రాయరు, రాసినా మర్నాడు. నేను నేర్పినవన్నీ వేరే రాష్ట్రం ఫోటోలకీ, నాయకుల పేరుతో తిరిగే కొటేషన్లకీ పనికొస్తాయి, ఆయన్ని దెబ్బ తీసిన ఆ ఒక్క మెసేజ్‌కి మాత్రం పనికిరావు. అప్పుడు ఏం చేశానంటే, సమాధానం లేక, అందరం చేసే పనే చేశా. "అనుమానం ఉంటే ఏదీ నమ్మొద్దు, పంపొద్దు, నొక్కొద్దు" అని ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసిచ్చా. ఆయన దాన్ని ఫ్రిజ్ మీద అంటించుకున్నారు.

ఆ కాగితం చేసిన నష్టం

పోలీసులమని ఫోన్లో బెదిరించి డబ్బు లాగే డిజిటల్ అరెస్టుల గురించి టీవీల్లో హోరెత్తుతున్న రోజులవి, అక్టోబర్ 27న ప్రధాని కూడా మన్ కీ బాత్‌లో ఆగండి, ఆలోచించండి అని చెప్పారు. మాస్టారికి నా కాగితానికి తోడు ఇదొకటి. ఆయన ఆగిపోయారు, పూర్తిగా. మెసేజ్‌లు పంపడం మానేశారు, మంచిదే అనుకున్నాం. తెలియని నంబర్ ఎత్తడం మానేశారు, అదీ మంచిదే అనుకున్నాం.

నవంబర్ పెన్షనర్లు బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెల. బ్యాంకు నుంచి ఎస్సెమ్మెస్ వచ్చింది, మోసం అనుకుని తీసేశారు. రెండోది వచ్చింది, అదీ తీసేశారు. బ్రాంచి నుంచి ఒకమ్మాయి ఫోన్ చేస్తే "మీలాంటి వాళ్ళని చాలామందిని చూశాను" అని పెట్టేశారు. ఇంట్లోనే ఫోన్లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ అనే ఆ సర్టిఫికెట్ చేసుకోవచ్చు నాన్నా అని కూతురంటే ఆధార్ అడుగుతుంది కాబట్టి అదీ మోసమే అన్నారు. డిసెంబర్ నెల పెన్షన్ పడలేదు. జనవరి మొదటి వారంలో ఆవిడ మందుల షాపులో డబ్బు చాలక వెనక్కి వచ్చాక గానీ విషయం బయటపడలేదు.

సర్టిఫికెట్ ఇచ్చాక బకాయితో సహా పడిందనుకోండి, డబ్బు పోలేదు. కానీ కూతురు నాకు ఫోన్ చేసి ఏమీ అనకుండా "ఫ్రిజ్ మీద కాగితం తీసేశాను మేడమ్" అంది. అంతకంటే పెద్ద తిట్టు నేను ఈ పనిలో తినలేదు.

దీని మీద చాలా ఆలోచించా. అన్నీ నమ్మేవాడూ, ఏదీ నమ్మనివాడూ చేసే పని ఒకటే, ఇద్దరూ మెసేజ్‌ని చూడట్లేదు. సెప్టెంబర్లో మాస్టారు చూడకుండా పంపారు, నవంబర్లో చూడకుండా తీసేశారు. నేను మార్చింది ఆయన చూపుని కాదు, వేలు ఎటు నొక్కాలో మాత్రం మార్చా. మోసాల మీద అవగాహన క్లాసులు చెప్పేవాళ్ళం అందరం ఇది చూసుకోవాలనుకుంటా, మన క్లాసు అయ్యాక జనం ఎన్ని మోసాలు తప్పించుకున్నారో లెక్కేసుకుంటాం గానీ ఎన్ని నిజాల్ని విసిరికొట్టారో ఎవరూ లెక్కెయ్యరు.

ప్రైవేట్ నంబర్

జనవరి చివర్లో నేనే వాళ్ళింటికి వెళ్ళా. సిలబస్ ఏమీ పట్టుకెళ్ళలేదు, నిజం చెప్పాలంటే సారీ చెప్పడానికే వెళ్ళా. వరద గీత గోడ మీద నా భుజం ఎత్తులో ఇంకా ఉంది, సున్నం వేయించలేదు. ఆవిడ కాఫీ ఇచ్చారు. మాట్లాడటానికి ఏదో ఒకటి ఉండాలని అడిగా, "మాస్టారూ, మీ ఉద్యోగమంతా ఫోన్ మీదేగా, అవతల మాట్లాడేవాడు కనపడడుగా, మరి ఆ మాట ఎట్టా నమ్మేవాళ్ళు?"

ఆయన నా వైపు చూసిన చూపు ఎట్టా ఉందంటే, ఇంత చిన్న విషయం తెలీకుండా చదువు చెప్తున్నావా అన్నట్టు. లేచి వెళ్ళి పాత డైరీ తెచ్చి ఖాళీ పేజీలో గళ్ళు గీసి అంకెలు వేశారు, 47, 13, 82, వరసలేకుండా. "ఇది ప్రైవేట్ నంబర్ షీటు. గేటు దగ్గర గేట్‌మేన్‌కి ఒకటి ఉంటది, నా దగ్గర ఒకటి ఉంటది. రైలొస్తంది గేటెయ్యి అని నేను చెప్తా. వాడు గేటేసి, తాళమేసి, అప్పుడు తన షీట్లో తర్వాతి నంబరు చెప్తాడు. నేను ఆ నంబరు తిరిగి చెప్తా, టైముతో సహా రిజిస్టర్లో రాస్తా. వాడు తన షీట్లో ఆ నంబరు కొట్టేస్తాడు. మళ్ళీ వాడకూడదు. ఆ నంబరు నా చేతికి వస్తే గానీ నేను సిగ్నల్ ఇవ్వను."

"గేటేశాను సార్ అని నోటితో చెప్తే?"

"ఎవరు చెప్పారమ్మా? వాడేనా? వాడి పక్కన టీ తాగుతున్నవాడా? నిద్రలో అన్నాడా? నోటి మాట చెల్లదు. ముప్పై ఆరేళ్ళు చేశాను, ఒక్కసారి నంబరు లేకుండా సిగ్నల్ ఇవ్వలా."

చెప్పి ఆగిపోయారు. నేనూ ఏమీ అనలేదు. వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. కాసేపటికి ఆయనే అన్నారు, "ఆ రోజు వాయిస్‌కి నంబర్ లేదు." ఇంకాసేపటికి, "ఆఫీసర్లు చెప్పారన్నాడు గానీ ఏ ఆఫీసరో చెప్పలా."

నేను మూడు నెలల్లో చెప్పలేనిది ఆయన డైరీ పేజీ పది నిమిషాల్లో చెప్పింది. ఆయనకి వచ్చిన మాటని సరిచూసుకోవడం తెలీక కాదు, మనందరి కంటే బాగా తెలుసు, ప్రాణాల మీద పెట్టి చేశారు. కాకపోతే ఆ అలవాటు డ్యూటీతో పాటు స్టేషన్లోనే వదిలేసి వచ్చారు, వాట్సాప్ అంటే పిల్లలు ఇచ్చిన ఆట వస్తువు, దానికీ డ్యూటీకీ సంబంధం ఉంటుందని ఆయనకి తట్టలేదు. నాకూ తట్టలేదు.

అక్కడే కూర్చుని పద్ధతి తయారు చేశాం. నేను యాప్ చెయ్యొచ్చేమో, ఎక్సెల్ షీట్ పెడదామేమో అని ఏదో అన్నా, ఆయన వినలేదు, పొడుగు రిజిస్టర్ కొనుక్కొచ్చి స్కేలు పెట్టి గీతలు కొట్టారు. టైము, మాట, పంపిందెవరు, కళ్ళతో చూసిందెవరు, నంబరు. ఈ చివరి గడి గురించి చాలాసేపు వాదించుకున్నాం. వాట్సాప్‌లో ప్రైవేట్ నంబర్ అంటే ఏంటి? చివరికి తేలింది ఇది: మెసేజ్‌లో ఉన్న నంబర్‌కి కాకుండా తన దగ్గర ముందు నుంచీ ఉన్న నంబర్‌కి తనే ఫోన్ చేసి, అక్కడ ఉన్న మనిషి చేత చెప్పించుకోవాలి. బ్యాంకు సంగతైతే పాస్‌బుక్ మీదున్న నంబరు. వరద సంగతైతే విపత్తుల కంట్రోల్ రూమ్ 1070, 112, లేదా అక్కడ ఉండే తెలిసినవాడు. అవతల నుంచి వచ్చిన ఫోన్‌ని ఎప్పుడూ నమ్మకూడదని కాదు, పెట్టేసి మనం మళ్ళీ చేస్తే సరిపోతుంది. "లైన్ క్లియర్ నేను అడగాలి, వాడిచ్చేది కాదు" అన్నారు మాస్టారు, లైన్ క్లియర్ అంటే ముందు దారి ఖాళీగా ఉంది, రైలు పంపొచ్చు అనే అనుమతి. ఈ చిన్న ముక్క తర్వాత చాలామందికి చెప్పా, డిజిటల్ అరెస్ట్ ఫోన్లకి దీన్ని మించిన మందు నాకు దొరకలేదు, ఎందుకంటే వాళ్ళ ఆట మొత్తం మనం ఫోన్ పెట్టకుండా చూసుకోవడం మీదే ఉంటుంది.

రిజిస్టర్

మొదటి నెల రిజిస్టర్ నాకు చూపించారు. ఒక గుర్తు చాలా చోట్ల ఉంది, "నా.వ." అని. ఏంటని అడిగితే "నాకూ వచ్చింది" అట. పంపినవాళ్ళకి ఫోన్ చేసి నువ్వు చూశావా అంటే వచ్చే సమాధానం అదే, బావమరిదైనా, పాత కొలీగైనా, గుడి కమిటీ ఆయనైనా, "నాకూ వచ్చింది, పంపాను". రాసి రాసి చెయ్యి నొప్పెట్టి పొట్టిగా పెట్టుకున్నారు.

మూడు ఎంట్రీలు, ఉన్నది ఉన్నట్టు:

"ఉ. 7.15. రేపట్నుంచి గ్యాస్ సబ్సిడీ ఆపేస్తారు. బావమరిది. చూసింది: నా.వ. లైన్ క్లియర్ లేదు."

"ఉ. 11.40. రెండ్రోజులు కుళాయి నీళ్ళు రావు. మూడో ఇంటాయన. చూసింది: ట్యాంకు దగ్గర పనిచేసే అతను, నేనే ఫోన్ చేశా. పైపు తవ్వుతున్నారు. నిజం. కాలనీలో చెప్పితిని."

"రా. 9.05. పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠా, ఫోటో. పాత కొలీగ్. చూసింది: నా.వ. ఫోటో లెన్స్‌లో పెట్టితిని. పాతది, వేరే రాష్ట్రం. కొలీగ్‌కి చెప్పితిని. కోపగించెను."

మూడో ఎంట్రీ చూసి నాకు నవ్వూ వచ్చింది, సంతోషమూ వేసింది. అక్టోబర్లో గాల్లో కలిసిపోయిందనుకున్న లెన్స్ పాఠం ఇక్కడ పనికొచ్చింది, ఎందుకంటే ఇప్పుడు దానికి రిజిస్టర్లో ఒక గడి ఉంది. పిల్లల్ని ఎత్తుకెళ్ళేవాళ్ళ పుకార్లు చిన్నవి కాదు, 2018లో వీటి వల్లే దేశంలో చాలా చోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు, వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డుల్ని ఐదు చాట్లకి కుదించింది ఆ తర్వాతే. ఆ సంగతి చెప్తే మాస్టారు ఆ ఎంట్రీ కింద ఎర్ర పెన్నుతో గీత గీశారు.

రిజిస్టర్ ఎందుకు పనిచేసిందంటే నా అంచనా, రాయడానికి పట్టే రెండు నిమిషాలు. వాట్సాప్ పెట్టిన ఆలస్యాన్ని ఆయన ఫోన్ స్లో అనుకుని దాటేశారు, తను పెట్టుకున్న ఆలస్యాన్ని మాత్రం డ్యూటీ అనుకున్నారు.

కొట్టివేత

పక్కింటావిడ సంగతి మిగిలిపోయింది. అక్టోబర్లోనే నేను "గ్రూపులో తప్పయిందని ఒక మెసేజ్ పెట్టండి మాస్టారూ" అని తొందరపెట్టా, అప్పుడాయన ముఖం చూసి మళ్ళీ ఎత్తలేదు. మార్చిలో రిజిస్టర్ తిరగేస్తుంటే ఒక చోట తప్పు రాసి ఒక్క గీతతో కొట్టి, పక్కన పొట్టి సంతకం పెట్టి, కింద మళ్ళీ రాసుంది. వైట్‌నర్ పెట్టొచ్చుగా అన్నా మామూలుగానే. రైల్వే రిజిస్టర్లో చెరపకూడదు, దిద్దకూడదు, తప్పు కూడా కనపడాలి, ఎవరు కొట్టేశారో తెలియాలి అన్నారు. "మరి ఆ రోజు మీరు గ్రూపుల్లో డిలీట్ చేసింది?" అని అడిగా. అడగొచ్చో లేదో తెలీకుండానే అడిగేశా. ఆయన సమాధానం చెప్పలేదు.

ఆ వారంలోనే కాలనీ గ్రూపులో మళ్ళీ చేరి వాయిస్ పెట్టారట. సెప్టెంబర్లో బుడమేరు గండి అని నేను పంపింది నిజం కాదు, చూసుకోకుండా పంపాను, పొరపాటు నాది, ఫలానావారికి నా వల్ల దెబ్బ తగిలింది, అని. మిగతా పది గ్రూపుల్లోనూ అదే పెట్టారు, ఒక్కోదానికి విడివిడిగా రికార్డ్ చేసి. ఆరు నెలల తర్వాత ఎవరికి కావాలి అని అల్లుడన్నాడట. పక్కింటావిడ మాత్రం ఆ సాయంత్రం అరిటాకులో పూర్ణాలు పట్టుకొచ్చారు.

తర్వాతి వానాకాలంలో ఒక రాత్రి మళ్ళీ బుడమేరు అంటూ మెసేజ్‌లు మొదలయ్యాయి. మాస్టారు కొండపల్లి వైపు ఉండే పాత గేట్‌మేన్‌కి ఫోన్ చేశారు, అతను టార్చి పట్టుకుని కాలవ గట్టు దాకా వెళ్ళి చూసొచ్చాడు. గ్రూపులో మాస్టారి మెసేజ్: "టైము 9.40. కాలవ దగ్గర మనిషి స్వయంగా చూసి చెప్పెను. గట్టు బాగానే ఉంది. మళ్ళీ 11కి చూసి చెప్తాను." పదకొండుకి చెప్పారు కూడా. ఆ రాత్రి ఎవరూ మెట్లు దిగలేదు. గేట్‌మేన్‌ని రాత్రి పూట గట్టు మీదకి పంపడం నాకు నచ్చలేదు, ఆ మాట చెప్పా, ముందు 1070కి చేసి ఉండాల్సింది అన్నా. "చేశాను, లైన్ కలవలా" అన్నారు.

పనిచెయ్యని చోట్లు

రాజకీయాల మెసేజ్‌లకి ఈ పద్ధతి అంతగా ఎక్కలేదు. అక్కడ ఆయనకి ముందే ఒక పార్టీ ఉంది, ఆ పార్టీ మెసేజ్‌లు రిజిస్టర్లోకే రావు, నేను గమనించి అడిగితే నవ్వి ఊరుకుంటారు. ఇంకో కేసులో మిర్చి యార్డులో గుమాస్తాగా చేసిన గుంటూరాయనతో కూడా ఇట్టాగే మొదలుపెట్టా, కాటా చీటీ లేకుండా బస్తా ఎత్తరు కదా అని, ఆయనకి అది ఎక్కలేదు, ఫార్వర్డులు ఆయనకి సరదా, పని కాదు. కాబట్టి ప్రతి వాళ్ళ ఉద్యోగంలోంచీ ఒక ప్రైవేట్ నంబర్ దొరుకుతుందని చెప్పలేను. ఇప్పుడు కొత్తవాళ్ళు వస్తే మాత్రం ఫోన్ తియ్యమనే ముందు మీరేం పని చేసేవాళ్ళు, అందులో ఎదుటివాడి మాట ఎట్టా నమ్మేవాళ్ళు అని అడుగుతున్నా. టైలరైనా, కాంపౌండరైనా, ఏదో ఒకటి చెప్తారు.

అన్నిటికంటే తేలనిది మాస్టారి ఆవిడ సంగతి. ఆవిడకి షుగర్. యూట్యూబ్‌లో ఎవరో కోటు వేసుకున్నాయన రోజూ పొద్దున్నే ఏదో కషాయం తాగితే మాత్రలు అక్కర్లేదంటున్నాడు, ఆవిడ ఒక పూట మాత్ర మానేసి చూస్తున్నారు. పోయిన ఆదివారం మాస్టారు రిజిస్టర్ పట్టుకొచ్చారు. టైము రాశారు, మాట రాశారు, పంపిందెవరు అన్న చోట యూట్యూబ్ అని రాశారు. తర్వాతి రెండు గడులూ ఖాళీ.

"దీనికి ఎవరికి ఫోన్ చెయ్యాలమ్మా?"

"డాక్టర్ గారికి" అన్నా.

"ఆయన ఎత్తడు కదమ్మా. ఆ వీడియో ఆయన రోజూ వస్తాడు."